కదలని లెక్క, కదిలే బండి: మేడ్చల్–శామీర్‌పేటల నుంచి వాహన రిజిస్ట్రేషన్‌పై సమీక్ష

ఔటర్ రింగ్ రోడ్డు మీద ఆరో ఎగ్జిట్ మేడ్చల్, ఏడో ఎగ్జిట్ శామీర్‌పేట. మేడ్చల్ మీదుగా 44వ నంబర్ జాతీయ రహదారి నాగపూర్ వైపు, శామీర్‌పేట మీదుగా రాజీవ్ రహదారి కరీంనగర్ వైపు సాగుతాయి. ఈ రెండు దారుల నడుమ ఏ కాలనీ పార్కింగ్‌లోకి తొంగిచూసినా నంబర్ ప్లేట్లు రకరకాలుగా కనిపిస్తాయి. పాత కాపురాల దగ్గర ఏపీ 28, ఏపీ 29. తెలంగాణ వచ్చాక కొన్నవి టీఎస్ 08. ఈమధ్య కొన్నవి టీజీ 08. వాటి సరసనే ఢిల్లీ, హర్యానా, కేరళ, మహారాష్ట్ర నంబర్లు. హకీంపేట, దుండిగల్‌లలో వాయుసేన స్థావరాలు, హకీంపేటలోనే సీఐఎస్ఎఫ్ అకాడమీ, తుర్కపల్లి చుట్టూ జీనోమ్ వ్యాలీ, శామీర్‌పేటలో నల్సార్, జవహర్‌నగర్ పక్కన బిట్స్ పిలానీ క్యాంపస్ ఉన్నాయి. బదిలీ మీద వచ్చి, నాలుగేళ్లుండి వెళ్లిపోయేవాళ్లకు కొదవలేని ప్రాంతమిది.

మన రిజిస్ట్రేషన్ ఏర్పాటు మాత్రం ఇంకో రకం మనిషిని ఊహించుకుని తయారైంది. అతను ఒక కారు కొంటాడు, అదే రాష్ట్రంలో, అదే చిరునామాలో, తన పేరు మీదే పదిహేనేళ్లు నడుపుతాడు. అలాంటి మనిషికి ఈ ఏర్పాటు చవకే. ఊరు మారితే, బండి చేతులు మారితే, తేదీ మరిచిపోతే మాత్రం ఖర్చు తడిసి మోపెడవుతుంది. కారు కొన్నది మొదలు తుక్కుకు వేసేదాకా కట్టే ఫీజులనూ, చేయించే మార్పులనూ వరసగా చూస్తే ఈ సంగతి తేటతెల్లమవుతుంది.

ప్లేటు మీద మారిన ఊరు

1988 మోటారు వాహనాల చట్టం 1989 జులై 1న అమల్లోకి వచ్చింది. రాష్ట్రానికి రెండక్షరాలు, కార్యాలయానికి రెండంకెలు, ఆపైన సిరీస్, నంబర్ అనే వరస అప్పటి నుంచి స్థిరపడింది. మేడ్చల్, శామీర్‌పేటలు రంగారెడ్డి జిల్లాలో ఉన్నన్నాళ్లూ ఇక్కడి బండ్లకు ఏపీ 28, 29 వచ్చాయి. 2014 జూన్‌లో రాష్ట్రం వచ్చాక టీఎస్ అయింది. 2016 అక్టోబరు 11న మేడ్చల్–మల్కాజిగిరి జిల్లా విడిగా ఏర్పడ్డాక 08 ఈ జిల్లా అంకెగా నిలిచింది. 2024 మార్చి 15 నుంచి కొత్త బండ్లకు టీజీ వస్తోంది. పాత ఏపీ, టీఎస్ నంబర్లు మార్చుకోనక్కర్లేదు, అవి చెల్లుతాయి. మార్చుకోవాలని ఎవరైనా ఏజెంట్ డబ్బడిగితే ఇవ్వాల్సిన పని లేదు.

సిరీస్ అక్షరానికీ అర్థం ఉంది. ఉమ్మడి రాష్ట్రం నాటి పద్ధతి ఇంకా నడుస్తోంది. సిరీస్ ‘పీ’తో మొదలైతే పోలీసు బండి, ‘జెడ్’తో మొదలైతే ఆర్టీసీ బస్సు. ‘టీ’ నుంచి ‘వై’ దాకా అక్షరాలు కిరాయి బండ్లవి. సొంత కార్లకు మిగతా అక్షరాలు.

జిల్లా అంకె విషయంలో పక్క రాష్ట్రం వేరే దారి పట్టింది. ఆంధ్రప్రదేశ్ 2019లో జిల్లాల అంకెలు తీసేసి, కొత్త బండ్లన్నిటికీ ఏపీ 39 అని ఒకే కోడ్ పెట్టింది. చట్టం కూడా అటే మొగ్గింది. 2019 సవరణతో యజమాని తన రాష్ట్రంలోని ఏ రిజిస్ట్రేషన్ అధికారి దగ్గరైనా బండి నమోదు చేయించుకునే వీలు కలిగింది. తెలంగాణ జిల్లా అంకెనే పట్టుకుంది. మేడ్చల్ 08, ఖైరతాబాద్ 09, సికింద్రాబాద్ 10 అన్న గుర్తులు జనం నోట నానిపోయాయి. ఆ అంకెకు బజారులో విలువ కూడా ఉంది. ఆ సంగతి ఫ్యాన్సీ నంబర్ల దగ్గర చూద్దాం.

షోరూంలో కట్టే అసలు సొమ్ము

కేంద్ర నిబంధనల ప్రకారం సొంత కారు రిజిస్ట్రేషన్ ఫీజు రూ.600. స్మార్ట్ కార్డుకు మరో రూ.200. అప్పు మీద కొంటే ఫైనాన్స్ పేరు ఆర్సీలో ఎక్కించడానికి రూ.1,500. సర్వీసు ఛార్జీలు కలిపినా ఇదంతా పెద్ద మొత్తం కాదు. ఆన్ రోడ్ ధర కాగితంలో ‘రిజిస్ట్రేషన్’ అన్న గడిలో లక్షల్లో కనిపించే అంకె ఈ ఫీజుది కాదు, బండి జీవితకాలానికి ఒకేసారి కట్టే లైఫ్ ట్యాక్స్‌ది.

2022 మే దాకా పది లక్షల లోపు కారుకు 12 శాతం, ఆపైన 14 శాతం ఉండేది. ఆ నెలలో స్లాబులు నాలుగయ్యాయి. 2025 ఆగస్టులో పది లక్షలు దాటిన కార్ల మీద మళ్లీ పెరిగింది. వ్యక్తుల పేరిట కొనే కార్లకు ఆ లెక్క ఇది: అయిదు లక్షల లోపు 13 శాతం, అయిదు నుంచి పది లక్షల దాకా 14, పది నుంచి ఇరవై లక్షల దాకా 18, ఇరవై నుంచి యాభై దాకా 20, యాభై దాటితే 21. ఒకరి పేరు మీద రెండో కారైతే మరో 2 శాతం. కంపెనీల పేరిటైతే ఇంకా ఎక్కువ.

ఇందులో ఒక మెలిక ఉంది. ఆదాయపు పన్నులో స్లాబు దాటిన భాగానికే ఎక్కువ రేటు పడుతుంది. లైఫ్ ట్యాక్స్‌లో స్లాబు దాటితే మొత్తం ధర మీద పై రేటు పడుతుంది. రూ.9,99,000 కారుకు 14 శాతం లెక్కన పన్ను రూ.1,39,860. దానికన్నా పదకొండు వేలు ఎక్కువున్న రూ.10,10,000 కారుకు 18 శాతం లెక్కన రూ.1,81,800. పదకొండు వేల తేడా దగ్గర పన్ను దాదాపు నలభై రెండు వేలు పెరిగింది. వేరియంట్ ఎంచుకునేటప్పుడు సన్‌రూఫ్ కన్నా ముందు చూసుకోవాల్సింది ఈ గీత. 2025 సెప్టెంబరు 22న చిన్న కార్ల మీద జీఎస్టీ 18 శాతానికి దిగినప్పుడు కొన్ని వేరియంట్లకు రెండు లాభాలు కలిసొచ్చాయి. ధర తగ్గింది, దాంతోపాటు గీత కిందికీ వచ్చాయి.

విద్యుత్ కార్లది వేరే లెక్క. 2024 నవంబరు 18 నుంచి 2026 డిసెంబరు 31 దాకా వాటికి రాష్ట్రం పన్ను, రిజిస్ట్రేషన్ ఫీజు పూర్తిగా మాఫీ చేసింది. పదిహేను లక్షల కారుకు ఇది రూ.2,70,000 మిగులు. విద్యుత్ కారు ధర ఎక్కువన్న వాదనలో ఈ అంకె కలిపి చూడాలి.

కారు చేతికొచ్చాక టీఆర్ (తాత్కాలిక రిజిస్ట్రేషన్) మీద తిరిగే రోజుల్ని చాలామంది తేలిగ్గా తీసుకుంటారు. తాత్కాలిక రిజిస్ట్రేషన్ గడువు దాటిన బండి చట్టం దృష్టిలో రిజిస్ట్రేషన్ లేని బండే. రాజస్థాన్‌కు చెందిన ఒకాయన కొత్త బొలెరో టీఆర్ గడువు తీరిన కొద్ది రోజులకే దొంగతనానికి గురైంది. బీమా కంపెనీ సొమ్ము ఇవ్వక్కర్లేదని 2021లో సుప్రీంకోర్టు తేల్చింది. ప్రీమియం కట్టాం కదా అన్న వాదన నిలవలేదు. కాబట్టి ఫ్యాన్సీ నంబర్ వేలం కోసమనో, ముహూర్తం కోసమనో టీఆర్ గడువు దాటనివ్వడం చేతులారా చేసుకునే నష్టం.

డీలరు అమ్మిన కొత్త బండిని అధికారి ముందుకు తీసుకెళ్లనక్కర్లేదని 2019 సవరణే చెప్పింది. ఆంధ్రలో షోరూంలోనే రిజిస్ట్రేషన్ ముందే మొదలైంది. తెలంగాణలో మాత్రం కొత్త కారును స్లాట్ తీసుకుని ఆర్టీఏ ఆవరణలో నిలబెట్టి, ఫొటో దిగి, సంతకం చేసే తంతు చాలా ఏళ్లు సాగింది.

బదిలీ మీద వచ్చిన బండి

హకీంపేటకు బదిలీ అయి లక్నో నుంచి కారుతో వచ్చిన ఉద్యోగి సంగతి చూద్దాం. చట్టం ప్రకారం ఇతర రాష్ట్రపు నంబర్‌తో పన్నెండు నెలల దాకా తిరగొచ్చు. అంతకు మించి ఉంటే ఇక్కడి నంబర్ తీసుకోవాలి. అందుకు పాత ఆర్టీఓ నుంచి నిరభ్యంతర పత్రం (ఎన్‌వోసీ) కావాలి. కారు మీద అప్పుంటే బ్యాంకు ఒప్పుకోలు కావాలి. ఇక్కడ బండి వయసును బట్టి తగ్గించిన రేటుతో మళ్లీ లైఫ్ ట్యాక్స్ కట్టాలి. అక్కడ కట్టిన పన్నులో వాడని కాలానికి వాపసు వస్తుంది గానీ, దానికి అక్కడే దరఖాస్తు పెట్టుకోవాలి. ముందు ఇక్కడ కట్టాలి, తర్వాత అక్కడి నుంచి రాబట్టుకోవాలి. ఆ కాగితాలు తిరిగేలోపు మళ్లీ బదిలీ వచ్చినా ఆశ్చర్యం లేదు. పన్నెండు నెలల నిబంధన తెలిసీ పాత నంబర్‌తోనే నెట్టుకొచ్చేవాళ్లు ఇంతమంది ఎందుకున్నారో దీన్నిబట్టే అర్థమవుతుంది.

ఈ చిక్కు విప్పడానికే కేంద్రం బీహెచ్ సిరీస్ తెచ్చింది. 2021 ఆగస్టులో నోటిఫై అయి సెప్టెంబరు 15 నుంచి అమల్లోకి వచ్చింది. తొలి రిజిస్ట్రేషన్ సంవత్సరపు చివరి రెండంకెలు, బీహెచ్, నాలుగంకెలు, చివర అక్షరాలు ఉంటాయి. రాష్ట్రం పేరు ఉండదు, బదిలీ అయినప్పుడల్లా నంబర్ మార్చే పని లేదు. సైన్యం, కేంద్ర, రాష్ట్ర ప్రభుత్వాలు, ప్రభుత్వ రంగ సంస్థల ఉద్యోగులు, నాలుగు లేదా అంతకు మించి రాష్ట్రాల్లో కార్యాలయాలున్న ప్రైవేటు సంస్థల ఉద్యోగులు అర్హులు. పన్ను రెండేళ్లకోసారి కడతారు. వాయుసేన, సీఐఎస్ఎఫ్, జీనోమ్ వ్యాలీ ఫార్మా కంపెనీల ఉద్యోగులుండే ఈ ప్రాంతానికి కొలిచి కుట్టిన పథకమే ఇది. తెలంగాణ మాత్రం దీన్ని చాలాకాలం దగ్గరికి రానివ్వలేదు. రాష్ట్రం గోడు కూడా వినాలి. లైఫ్ ట్యాక్స్‌లో మొత్తం సొమ్ము మొదటి రోజే ఖజానాకు చేరుతుంది, ఏటా వెంటపడి వసూలు చేసే బాధ లేదు. రెండేళ్ల వాయిదాల్లో ఆ నిశ్చింత పోతుంది, ఆదాయం సన్నబడుతుంది.

అమ్మినా వదలని పేరు

ఈ చుట్టుపక్కల సెకండ్ హ్యాండ్ కార్ల బేరం జోరుగా సాగుతుంది. బేరం కుదిరి డబ్బు చేతిలో పడ్డాక అమ్మినాయన పేరు మార్పు ఫామ్ 29, 30 మీద సంతకాలు పెట్టి ఇచ్చేసి మరిచిపోతాడు. కొన్నాయన పేరు మార్చుకోకుండా ఇంకొకరికి అమ్మేస్తాడు. పేరు మార్పు ఫీజు కారుకు రూ.300, కార్డు ఖర్చు వేరు. రాష్ట్రం లోపలైతే అమ్మినవాడు పద్నాలుగు రోజుల్లో, ఇతర రాష్ట్రంవాళ్లకు అమ్మితే నలభై అయిదు రోజుల్లో తెలియజేయాలి. కొన్నవాడు ముప్పై రోజుల్లో తెలపాలి.

ఈ రూ.300 పని వాయిదా వేస్తే ఏమవుతుందో 2018 నాటి నవీన్ కుమార్ కేసు చెబుతుంది. 2007లో ఒకాయన కారు అమ్మేశాడు. అది చేతి నుంచి చేతికి మారింది. 2009లో ప్రమాదం చేసింది. అప్పటికీ ఆర్సీలో మొదటాయన పేరే ఉంది. పరిహారం ఎవరు కట్టాలన్న ప్రశ్న సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. రికార్డులో ఎవరి పేరుంటే చట్టం దృష్టిలో వాళ్లే యజమాని అని కోర్టు తీర్పిచ్చింది. కారు అమ్మి పదేళ్లు దాటాక బాధ్యత మళ్లీ ఆయన ఇంటి తలుపు తట్టింది. ఈ–చలానాలదీ ఇదే తీరు. ఎవరు నడిపినా నోటీసు ఆర్సీలో ఉన్న పేరుకే వస్తుంది. బండి అమ్మేవాళ్లు తాళం చేతులు ఇచ్చేముందు ఆన్‌లైన్‌లో పేరు మార్పు దరఖాస్తు పడిందో లేదో చూసుకోవాలి. అప్పు తీరాక ఆర్సీలోంచి ఫైనాన్స్ పేరు తీయించడమూ ఇలా వాయిదా పడే పనే. అమ్మే రోజున అది అడ్డం తిరుగుతుంది.

పదిహేనేళ్ల గీత

పదిహేనేళ్లు నిండిన కారును తుక్కుకు వేయాల్సిందేనన్న మాట ఇక్కడ గట్టిగా పాతుకుపోయింది. ఢిల్లీ చుట్టుపక్కల పాత బండ్ల మీద కోర్టు ఆంక్షల వార్తలు చదివి కుదిరిన అభిప్రాయమిది. తెలంగాణలో అలాంటి నిషేధం లేదు. పదిహేనేళ్లకు ఆర్సీ గడువు ముగుస్తుంది, బండి ఆయుష్షు కాదు. తనిఖీలో నెగ్గితే అయిదేళ్ల చొప్పున పొడిగిస్తారు. ఫామ్ 25 నింపి, గడువుకు అరవై రోజుల ముందు నుంచి దరఖాస్తు పెట్టుకోవచ్చు.

ఖర్చు మాత్రం బాగా పెరిగింది. 2022 ఏప్రిల్ 1 నుంచి కారు రెన్యూవల్ ఫీజు రూ.600 నుంచి రూ.5,000కు చేరింది. బైకుకు రూ.1,000. విదేశీ దిగుమతి కారుకు రూ.40,000. ఇరవై ఏళ్లు దాటిన బండ్లకు 2025 ఆగస్టులో దీన్ని రెట్టింపు చేశారు. కారుకు రూ.10,000, బైకుకు రూ.2,000, దిగుమతి కారుకు రూ.80,000. దీనికి తోడు రాష్ట్రం వేసే గ్రీన్ ట్యాక్స్. ఆలస్యమైతే కారుకు నెలకు రూ.500 అదనం. అంటే పదినెలలు మరిచిపోతే ఆలస్య రుసుమే అసలు ఫీజంత అవుతుంది. రెండేళ్లు మరిస్తే రూ.12,000.

2006లో కొన్న ఏపీ 28 మారుతి ఒకటి ఉందనుకుందాం. 2021లో రెన్యూవల్ పాత రేటుకే అయిపోయింది. 2026లో రెండో రెన్యూవల్‌కు రూ.10,000తో పాటు గ్రీన్ ట్యాక్స్ కట్టాలి. టైర్లు, లైట్లు, పొగ సర్టిఫికెట్, బీమా సరిచేసుకునే ఖర్చు వేరు. బజారులో ఆ కారు ధర ఎంతో, ఈ ఖర్చెంతో లెక్కేసుకున్నవాళ్లు కొందరు అధీకృత తుక్కు కేంద్రానికి పంపి, ఆ సర్టిఫికెట్ మీద కొత్త బండికి పన్ను రాయితీ తీసుకుంటున్నారు. ఫీజు పెంచడంలో ప్రభుత్వ ఉద్దేశమూ ఇదే. వారానికోసారి సంతకో, ఆస్పత్రికో కారు తీసే పల్లె పెద్దాయనకు మాత్రం ఈ లెక్క న్యాయంగా తోచదు. ఆయన కారు ఏడాదంతా తిరిగి వదిలే పొగ, రోజూ ఔటర్ మీద తిరిగే కొత్త డీజిల్ బండి నెలలో వదిలేదాని కన్నా తక్కువ కావచ్చు. ఈ ఫీజు బండి వయసునే చూస్తుంది, అది తిరిగిన దూరాన్ని చూడదు.

ప్లేటు: భద్రత, రంగు, సరదా

2019 ఏప్రిల్ 1 తర్వాత తయారైన ప్రతి బండికీ హై సెక్యూరిటీ ప్లేటు డీలరే బిగించి ఇవ్వాలి. దాన్ని దగ్గర నుంచి చూస్తే అల్యూమినియం రేకు మీద ఎడమ పైమూల అశోక చక్రం హోలోగ్రామ్, దాని కింద నీలి రంగులో ‘ఇండ్’ అక్షరాలు, ఎడమ కింది మూల లేజర్‌తో చెక్కిన పది గుర్తుల సంఖ్య కనిపిస్తాయి. బోల్టులకు బదులు ఒకసారి బిగిస్తే విరగ్గొడితే తప్ప రాని స్నాప్ లాక్‌లు. అద్దం మీద అంటించే మూడో ప్లేటు స్టిక్కర్‌లో పెట్రోలు, సీఎన్‌జీ బండ్లకు లేత నీలం, డీజిల్‌కు నారింజ రంగు. ఉమ్మడి రాష్ట్రంలో ఈ ప్లేట్లు 2013 చివర్లోనే మొదలైనా, మధ్యలో అమ్మిన బండ్లెన్నో పాత ప్లేట్లతోనే మిగిలాయి. 2019కి ముందు బండ్లకూ వీటిని తప్పనిసరి చేస్తూ 2025 ఏప్రిల్‌లో రాష్ట్రం ఉత్తర్వులిచ్చింది. ఒకే నంబర్ రెండు బండ్ల మీద తిరిగి, చేయని తప్పుకు చలానా అందుకున్నవాళ్లకు ఈ ప్లేటు విలువ వేరే చెప్పక్కర్లేదు.

రంగుల్లో యజమాని ఎంచుకునేదేమీ లేదు. సొంత కారుకు తెలుపు మీద నలుపు, కిరాయి కారుకు పసుపు మీద నలుపు, సొంతంగా నడుపుకొమ్మని అద్దెకిచ్చే కారుకు నలుపు మీద పసుపు. సొంత విద్యుత్ కారుకు ఆకుపచ్చ మీద తెలుపు, కిరాయి విద్యుత్ బండికి ఆకుపచ్చ మీద పసుపు. అక్షరాలు వంకర్లు తిప్పడం, కులం పేరో పదవి పేరో ప్లేటు మీద రాయించడం చట్టానికి విరుద్ధం.

యజమానికి మిగిలిన ఒకే ఒక ఎంపిక నంబర్. నచ్చిన నంబర్‌కు నిర్ణీత రుసుము కట్టి రిజర్వ్ చేసుకోవాలి. పోటీ వస్తే ఆన్‌లైన్ వేలం. పాత స్లాబులు అయిదు వేల నుంచి యాభై వేల దాకా ఉండేవి. 2025 చివర్లో పై స్లాబును లక్షన్నరకు పెంచారు. తొమ్మిదుల మోజు ఎంతటిదంటే 2024 ఆగస్టులో ఖైరతాబాద్‌లో టీజీ 09 9999 నంబర్‌కు రూ.25.5 లక్షలు పలికింది. జిల్లా అంకెకు బజారు విలువ ఉందన్నది ఇందుకే. 09 పక్కన 9999 పడితే ఉన్న గిరాకీ, అదే నంబర్ 08 పక్కన పడితే ఉండదు. లైఫ్ ట్యాక్స్ మీద గొణిగేవాళ్లే ఇక్కడ పోటీపడి కడతారు. ఎవరినీ బలవంతపెట్టని పన్నులో ఖజానాకు ఇంత రాబడి వస్తుంటే, దాన్ని ఇంకా పెంచినా తప్పుపట్టడానికేమీ లేదు.

ఆన్‌లైన్ మాట

2020లో రవాణా శాఖ కొన్ని సేవలను ఆఫీసుకు రాకుండానే ఫోన్‌లో అందించడం మొదలుపెట్టింది. టీ యాప్ ఫోలియో ద్వారా డూప్లికేట్ లైసెన్స్ లాంటి పనులకు మేడ్చల్ దాకా వెళ్లే శ్రమ తప్పింది. అయితే తెలంగాణ చాలా ఏళ్లు కేంద్రపు వాహన్ సాఫ్ట్‌వేర్‌లో చేరకుండా సొంత వ్యవస్థ నడిపింది. ఇతర రాష్ట్రాలవాళ్లు చెప్పే సలహా విని కేంద్రపు పరివాహన్ పోర్టల్‌లో తమ బండి వెతికినవాళ్లకు ఏమీ దొరకలేదు. ఎన్‌వోసీ వివరాలు రెండు రాష్ట్రాల మధ్య నేరుగా సరిపోల్చే వీలూ లేకపోయింది. 2025లో వాహన్ వైపు అడుగు పడింది. ఈ ప్రాంతపు బదిలీ ఉద్యోగులకు అన్నిటికన్నా మేలుచేసే మార్పు ఇదే కావచ్చు.

ఏం మారాలి

బయటి దేశాల తీరు వేరు. అమెరికాలో డాలస్ చుట్టుపక్కల మన తెలుగువాళ్లు ఏటా రిజిస్ట్రేషన్ కట్టుకుని అద్దం మీద స్టిక్కర్ మార్చుకుంటారు. సొంత కార్లకు ఏటేటా జరిపే భద్రతా తనిఖీని టెక్సాస్ 2025 జనవరి 1 నుంచి ఎత్తేసింది కూడా. బ్రిటన్‌లో కారు అమ్మినట్టు తెలియజేస్తే చాలు, మిగిలిన పూర్తి నెలల పన్ను అడగకుండానే వెనక్కి వస్తుంది. అక్కడ పన్ను బండి తిరిగిన కాలంతో ముడిపడి ఉంటుంది. మనది ముందే గుత్తగా కట్టించుకునే పద్ధతి. వసూలు తేలిక, ఎగవేత తక్కువ కాబట్టి మన రాష్ట్రాలకు అదే అనుకూలం. దాన్ని తీసేయమనడం ఆచరణకు దూరం. ఉన్న పద్ధతిలోనే నాలుగు పనులు చేయొచ్చు. స్లాబు దాటిన భాగానికే పై రేటు వేయాలి. ఎన్‌వోసీ ఇచ్చిన రోజే వాడని కాలపు పన్ను లెక్కగట్టి బ్యాంకు ఖాతాలో వేయాలి. ఆర్సీ గడువుకు అరవై రోజుల ముందు యజమాని ఫోన్‌కు సందేశం పంపాలి, పంపకపోతే ఆలస్య రుసుము అడగకూడదు. కారు డబ్బు చేతులు మారిన రోజే అమ్మినవాడు ఫోన్‌లో నమోదు చేస్తే అతని బాధ్యత అక్కడితో ఆగిపోవాలి.

ఇవన్నీ రికార్డు సరిగ్గా ఉంటే జరిగే పనులే. వీటికి కొత్త చట్టం కన్నా ప్రభుత్వం దగ్గర ఇప్పటికే ఉన్న సమాచారాన్ని యజమానికి పనికొచ్చేలా వాడటం ముఖ్యం. మన ఫోన్ నంబర్ తెలుసు కాబట్టి చలానా నిమిషాల్లో పంపగలుగుతున్నారు. అదే నంబర్‌కు రెన్యూవల్ తేదీ, వాపసు సొమ్ము వివరం పంపడం సాంకేతికంగా కష్టమేమీ కాదు. అందాకా మేడ్చల్, శామీర్‌పేట కారు యజమాని తన ఆర్సీ తీసి మూడు సంగతులు చూసుకోవడం మంచిది: గడువు తేదీ, చిరునామా, ఫైనాన్స్ పేరు. వీటిలో ఏది తప్పున్నా ఇప్పుడు వందల్లో సరిపోతుంది. వదిలేస్తే వేలల్లో, ప్రమాదమేదైనా జరిగితే లక్షల్లో కట్టాల్సి వస్తుంది.